గ్యారేజ్ గోడ మీది బంతిపూల మాల

పొద్దున్నే మా గ్యారేజ్ గోడ మీంచి 'టక్'మని ఒక చప్పుడు వస్తుంది. ఇంటి పైకప్పు మీద ఎండ పడగానే సోలార్ ఇన్వర్టర్ పని మొదలుపెట్టే చప్పుడది. పైనున్న పలకల్లో పుట్టే కరెంటును ఇంట్లో వాడుకునే కరెంటుగా మార్చే పెట్టె అది. చిన్న సూట్‌కేసంత ఉంటుంది. ఆ చప్పుడు వచ్చి, వెనకే ఆకుపచ్చ దీపం వెలిగేదాకా నేను కాఫీ కప్పుతో అక్కడే నిలబడతాను. "ఫోన్‌లో యాప్ ఉంది కదా, ఇక్కడికొచ్చి కాపలా కాయడం దేనికి?" అని మా ఆయన నవ్వుతాడు. ఏం చెప్పను! ఆ చప్పుడు వింటే నాకు పక్కింటి విశ్వనాథం అంకుల్ గుర్తొస్తారు. ఆయనతో పాటు, ఆయన ఆ రోజు ఎందుకలా అన్నారన్న ప్రశ్న కూడా వచ్చి కూర్చుంటుంది. ఇన్నాళ్లయినా నాకది తెగలేదు.

విశ్వనాథం గారిది కాకినాడ. నేను పుట్టక ముందే అమెరికా వచ్చి, ఒక కరెంటు కంపెనీలో నలభై ఏళ్లు ఇంజనీరుగా పనిచేసి, రిటైరయ్యాక ఫ్రిస్కోలో మా పక్కిల్లు కొనుక్కున్నారు. సన్నగా, పొడుగ్గా, టెక్సస్ ఎండల్లో కూడా పూర్తి చేతుల చొక్కాతో తిరిగేవారు. ఆయనకో అలవాటుండేది. తెలియని సంగతి తెలియదని చెప్పేసేవారు. ఇందులో వింతేముంది అంటారా? మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక్క వారం ఉండి చూడండి, తెలుస్తుంది. మేం సోలార్ పెట్టించుకుందామనుకున్నప్పుడు ఆ గ్రూపులో సలహా అడగడం నా బుద్ధి తక్కువ. ఇంటికంతా ఒకటే పెద్ద ఇన్వర్టర్ మేలని ఒకరు, అది పోతే ఇల్లంతా పోతుంది కాబట్టి ఒక్కో పలక కింద ఒక్కో చిన్నది పెట్టించమని ఇంకొకరు, ఆ చిన్నవి పోతే ప్రతిసారీ పైకప్పెక్కాలని మరొకరు. అందరూ ఇంజనీర్లే, అందరికీ అంతా తెలుసు. రెండు రోజుల్లో నాకు మొదట ఉన్న కాస్త అవగాహన కూడా పోయింది.

తల పట్టుకుని అంకుల్ దగ్గరికి వెళ్లాను. ఆయన వరండాలో కూర్చుని కరివేపాకు దూస్తున్నారు.

"ఏది మంచిదో నాకు తెలీదమ్మా," అన్నారు.

"అదేంటి అంకుల్! నలభై ఏళ్లు కరెంటు కంపెనీలో చేశారు కదా?"

"అందుకే తెలీదంటున్నాను. ఏ పెట్టె ఎప్పుడు పోతుందో దాన్ని చేసినవాడిక్కూడా తెలీదు. సర్లే, నీకు అమ్మేవాడు ఏవంటున్నాడు?"

"ఇరవై అయిదేళ్లు చూసుకోనక్కర్లేదంటున్నాడు."

"వాడి కంపెనీ పెట్టి ఎన్నేళ్లయింది?"

నేనడగలేదు. ఇంటికెళ్లి చూస్తే నాలుగేళ్లు. అయినా పెట్టించుకున్నాం. ఆఫీసులో నా ఉద్యోగమే మీటింగుల్లో ధీమాగా మాట్లాడటం కదా, ఎదుటివాడు ధీమాగా మాట్లాడితే పడిపోవడం నాకు తేలిక. ఒకటే పెద్ద పెట్టె, గ్యారేజ్ గోడకు ఎత్తుగా బిగించి వెళ్లారు.

ఆ దసరాకి ఆయుధపూజ చేశాను. కార్లకు బొట్లు పెట్టాను, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను. మరి మనింటికి అన్నం పెట్టే యంత్రాల్లో కొత్తగా వచ్చింది ఇదే కదా అని, పక్క ఊరు ప్లేనో వెళ్లి ఇండియన్ షాపులో లావుపాటి బంతిపూల మాల కొనుక్కొచ్చాను. పూజకు అంకుల్ కూడా వచ్చారు. నేను నిచ్చెనెక్కి ఇన్వర్టర్‌కి కుంకుమ పెట్టి, పైనుంచి కిందిదాకా మాల చుట్టాను. ఆయన కింద నిచ్చెన పట్టుకున్నారు.

"మాల ఎప్పుడు తీస్తావమ్మా?" అన్నారు.

"రేపు తీసేస్తాను అంకుల్."

రేపు కాదు కదా, నెల గడిచినా తీయలేదు. పూజ చేసిన పూలు చెత్తబుట్టలో వేయకూడదు, ఎక్కడ వేయాలో తోచదు, నిచ్చెన దించడానికి బద్ధకం. పూలు అక్కడే ఎండిపోయాయి. ఒకరోజు గ్యారేజ్‌లోకి వెళ్తే చప్పుడు లేదు, ఎర్రదీపం వెలుగుతోంది. నిచ్చెనెక్కి చూద్దును కదా, ఎండిన రేకులు గాలి పోయే సందుల్లో ఇరుక్కుని ఉన్నాయి.

పెట్టించిన కంపెనీకి ఫోన్ చేస్తే ఆ నంబరే లేదని వచ్చింది. కంపెనీ మూసేశారట. ఇన్వర్టర్ తయారుచేసినవాళ్లు మాత్రం వారంటీ ఉందన్నారు, మనిషిని పంపుతామన్నారు, కానీ వాడినవాళ్ల తప్పయితే వర్తించదన్నారు. మా ఆయన ఉద్యోగం పోయి అప్పటికి మూడు వారాలు. కొత్తది కొనే మాటే లేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ మాల తీసేశాను, రేకులు ఒక్కొక్కటీ ఏరేశాను, తడిబట్టతో కుంకుమ కూడా తుడిచేశాను. పూలన్నీ తీసుకెళ్లి పెరట్లో గులాబీ మొక్క మొదట్లో పోశాను. కంచె అవతల అంకుల్ మొక్కలకు నీళ్లు పోస్తున్నారు. పూలను చూశారు, నన్ను చూశారు, పక్క మొక్క దగ్గరికి వెళ్లారు.

టెక్నీషియన్ పేరు టోనీ. అతను పెట్టె విప్పుతుంటే అంకుల్ వచ్చి గ్యారేజ్ తలుపు దగ్గర నిలబడ్డారు. టోనీ వేళ్లతో లోపలినుంచి ఏదో తీశాడు. ఎండిన బంతిరేకు. నేను ఏరకుండా మిగిలిపోయింది. దీని మీద ఏమైనా కప్పారా అని అడిగాడు.

"ఆ పూలు వేసింది నేను," అన్నారు అంకుల్ ఇంగ్లీషులో, చాలా మామూలుగా. "మా పండగ. ఈ అమ్మాయికి తెలియదు."

నేను ఆయన మొహంలోకి చూశాను. ఆయన టోనీనే చూస్తున్నారు. తెలియని దాన్ని తెలుసని ఒక్కసారైనా అనని మనిషి, నా కళ్లముందే, నా కోసం అబద్ధమాడారు. నేను కాదనలేదు. నిలబడి విన్నాను. టోనీ ఆ రేకును అటూ ఇటూ తిప్పి చూసి, ఇదే కారణమని చెప్పలేను, పూలు లేని ఇళ్లలో కూడా ఈ మోడల్ పోతోంది అన్నాడు. 'కారణం తేలలేదు' అని రాసుకున్నాడు. కొన్ని వారాలకు కొత్తది వచ్చింది.

ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను.

"ఎందుకలా చెప్పారు అంకుల్?"

"నాకు తెలీదమ్మా," అన్నారు.

తప్పించుకోవడానికి అనలేదు. నిజంగానే తెలియనట్టుంది ఆయన మొహం. నన్ను కాపాడారా? సిగ్గుపడేలా చేశారా? నిచ్చెన పట్టుకుని, ఆ మాల గాలికి అడ్డమని తెలిసీ అప్పుడు గట్టిగా చెప్పనందుకు తన వంతు తనూ మోశారా? ఒక్కోరోజు ఒక్కోటి నిజమనిపిస్తుంది. అడిగి తేల్చుకునే వీలు లేకుండా ఆ పై ఏడాది ఆయన గుండెపోటుతో వెళ్లిపోయారు. ఆయన పోయాక ఆఫీసు మీటింగుల్లో తెలియనివాటికి తెలియదనడం నేర్చుకున్నాను. మొదట్లో అందరూ వింతగా చూశారు. ఆ మాట చెప్పడం అలవాటైంది కానీ, గ్యారేజ్‌లో మింగేసిన మాట మాత్రం గొంతులోనే ఉండిపోయింది.

ఈ వేసవిలో రెండో ఇన్వర్టర్ కూడా పోయింది. దానికి మాల లేదు, బొట్టు కూడా లేదు. మళ్లీ టోనీయే వచ్చాడు. నన్ను గుర్తుపట్టి, పక్కింటి పెద్దాయన మళ్లీ పూలు వేశారా అని నవ్వాడు.

"ఆయన పోయారు," అన్నాను. టోనీ టోపీ తీసేశాడు. "అప్పుడు పూలు వేసింది ఆయన కాదు, నేను. నీ కాగితాల్లో మార్చి రాయి."

ఆ కాగితం ఎప్పుడో మూసేశారని, ఇప్పుడది ఎవరూ చూడరని అతనన్నాడు. "అయినా రాయి," అన్నాను. ఇప్పటిదానికి వారంటీ ఇవ్వకపోయినా సరే అన్నాను. టోనీ జేబులోంచి పెన్ను తీసి, కొత్త కాగితం మీదే పక్కన రాశాడు. రాశాక అడిగాడు, మరి ఆయన తనే వేశానని ఎందుకు చెప్పారు అని.

"నాకు తెలియదు," అన్నాను.