అత్తగారు కడిగిన ట్యాంకు

మా ఇంట్లో యుద్ధమంతా మేడ మీద గది కోసమే. అందులో నేను ప్లాస్టిక్ యుద్ధట్యాంకుల బొమ్మలు చేసుకుంటాను. మా ఆవిడేమో అక్కడ పచ్చడి జాడీలు పెట్టుకోవాలంటుంది. చెప్పుకుంటే ఇంతే. ఈ మాత్రం దానికి ఏళ్ల తరబడి పోట్లాడుకున్నాం, ఒక్క పూట కూడా అన్నం మానకుండా.

నాది గుంటూరులో మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో మేనేజరు ఉద్యోగం. పొద్దస్తమానం బస్తాలు, ఘాటు, హమాలీల కేకలు. సాయంత్రం ఇంటికొచ్చి స్నానం చేసి మేడెక్కానంటే నా లోకం వేరు. పెట్టెలో ముక్కలు ముక్కలుగా వచ్చే ట్యాంకుని కత్తిరించి, అతికించి, రంగులు వేసి జానెడు బండిగా నిలబెడతాను. రంగు వేస్తే పని అయిపోయినట్టు కాదు. అసలు పని అప్పుడే మొదలవుతుంది. కొత్తగా నిగనిగలాడేదాన్ని యుద్ధంలో నలిగిన పాత బండిలా చేయాలి. అంచుల దగ్గర పెయింటు లేచిపోయినట్టు, బోల్టుల కింద తుప్పు కారినట్టు, చక్రాల చుట్టూ తిరిగే చైన్లలో బురద ఇరుక్కున్నట్టు. దీన్ని వెదరింగ్ అంటారు.

"శుభ్రంగా ఉన్నదాన్ని మురికి చేయడానికి మళ్లీ మీకొక గది కావాలా? మీరు ఏ గదిలో ఉన్నా అదే పనిగా!" అంటుంది మా ఆవిడ.

ఆవిడ దర్శి దగ్గర రైతుల ఇంటి పిల్ల. నాకంటే ఒక డిగ్రీ ఎక్కువ చదివింది, నాకంటే గట్టిగా మాట్లాడుతుంది. గోంగూర, పండుమిరప, ఉసిరి పచ్చళ్లు పెట్టి, ఫోన్లో ఆర్డర్లు తీసుకుని ఊరూరా పంపుతుంది. మంచాల కింద జాడీలు, బీరువా పక్కన జాడీలు, ఆఖరికి దేవుడి గూటి దగ్గర కూడా ఒకటి. కింద గదులకి చెమ్మ. చెమ్మ తగిలితే పచ్చడి బూజు పడుతుంది. మేడ మీద గది మాత్రం ఎప్పుడూ పొడిగా ఉంటుంది. ఆవిడ వాదనలో న్యాయం ఉంది. ఈ మాట ఆవిడ దగ్గర మాత్రం చచ్చినా అనను.

దసరా వెళ్లిన ఆదివారం విజయవాడలో ఇలాంటి బొమ్మ మోడళ్ల పోటీ పెడుతున్నారని ఆ ఏడు ఎండాకాలంలోనే తెలిసింది. అన్నం తింటూ నోరు జారి ఆ మాట చెప్పాను.

"అయితే ఇక్కడే తేల్చుకుందాం," అంది మా ఆవిడ గరిటె పైకెత్తి. "మీ పనితనానికి బహుమతి వచ్చిందా, గది మీది. ఇక ఈ జన్మలో అడగను. రాలేదా, సోమవారం పొద్దున్నే జాడీలు మేడెక్కుతాయి."

"ఒట్టు?"

"ఒట్టు. నాకు తెలుసులెండి ఏమవుతుందో."

నాకు రోషం వచ్చింది. పెట్టెలన్నీ వెతికి ఒక పాతకాలపు రష్యన్ ట్యాంకు బయటికి తీశాను. వర్షాకాలమంతా దాని మీదే కూర్చున్నాను. ముదురాకుపచ్చ రంగు కొట్టాను. పాత్రలు తోమే స్పాంజీ ముక్కతో అంచుల మీద పెయింటు గీతలు అద్దాను. తుప్పు పొడి ఎక్కడో విదేశాల నుంచి తెప్పించాను. మా స్టోరేజీకి వచ్చే లారీ డ్రైవరు ఒకతను చీమకుర్తిలో గ్రానైటు కోయగా రాలిన పొడిని పొట్లం కట్టి తెచ్చిపెట్టాడు. పత్తి చేలోంచి నల్లమట్టి తెచ్చి, ఎండబెట్టి, పల్చటి గుడ్డలో జల్లించాను. ఆ గుడ్డ మా ఆవిడ కొత్త జాకెట్టు లైనింగని తర్వాత తెలిసింది. ఆ సంగతి ఇప్పుడొద్దు.

ఇక వార్నిష్ ఒక్కటే మిగిలింది. అది కొడితే మట్టి, తుప్పు ఎక్కడివక్కడ బిగుసుకుంటాయి. కానీ ముసురు పట్టింది. గాలిలో తేమ ఉన్నప్పుడు కొడితే ఆ వార్నిష్ పొగబట్టినట్టు తెల్లబడిపోతుంది. ఎండ కోసం ఆగాను. ఆ ఆగడమే నా కొంప ముంచింది.

పండక్కి మా అత్తగారు వచ్చారు. ఆవిడకి ఊరికే కూర్చోవడం చేతకాదు. మహర్నవమి నాడు ఆయుధపూజ కదా, పొద్దున్నే నేను స్టోరేజీకి వెళ్లి మిషన్లకి కొబ్బరికాయ కొట్టించి మధ్యాహ్నానికి ఇంటికొచ్చాను. గుమ్మంలో నా స్కూటరు తళతళా మెరుస్తోంది. లోపల మిక్సీకి బొట్టు, గ్యాసు పొయ్యికి బొట్టు, కుట్టు మిషనుకి బొట్టు, పచ్చళ్లు కలిపే పెద్ద గరిటెకి కూడా బొట్టు. నవ్వుకుంటూ వరండాలోకి చూద్దును కదా, పీట మీద నా ట్యాంకు!

తలంటు పోసుకున్న పసిపిల్లలా ఉంది. మట్టి లేదు, తుప్పు లేదు, దుమ్ము లేదు. ముందు భాగాన పసుపు రాసి, మూడు కుంకుమ బొట్లు పెట్టారు. ఫిరంగి గొట్టంలో పసుపుపచ్చ చేమంతి. చైన్ల కింద నిమ్మకాయలు. పెరట్లో చెట్టు మీద ఉన్నవాటిలో చిన్నవి ఏరి మరీ పెట్టినట్టున్నారు, అయినా వాటి మీదికెక్కి నా ట్యాంకు మూతి పైకెత్తుకుని ఆకాశం చూస్తోంది.

"రండి బాబూ," అన్నారు మా అత్తగారు సంబరంగా. "పాపం పనిలో పడి కడుక్కోలేదనుకున్నా. అంత మట్టి కొట్టుకుపోయి ఉంటే పూజ ఎట్టా చేస్తాం? కుంకుడుకాయ పులుసు పోసి, పాత బ్రష్షు పెట్టి సందుసందునా తోమాను. నడుం పడిపోయిందనుకోండి."

నాకు ఏడుపొచ్చింది. మాటవరసకి అనడం లేదు, యాభై దాటినవాణ్ణి, నిజంగానే పక్కకి తిరిగి కళ్లు తుడుచుకున్నాను. "మంచి పని చేశారు అత్తయ్యా," అన్నాను. పండగ పూట, పైగా అత్తగారు, ఇంకేమంటాను?

వంటింట్లోకి వెళ్లాను. మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని, గోడకి ఆనుకుని, కిందికి జారిపోయేలా నవ్వుతోంది. అది చూసేసరికి ఒళ్లు మండిపోయింది.

"నువ్వే చెప్పి చేయించావు కదూ?" అన్నాను, అత్తగారికి వినబడకుండా.

నవ్వు ఠక్కున ఆగింది. "ఏంటీ?"

"గది కోసం. మీ అమ్మని అడ్డం పెట్టుకుని."

"ఏవండోయ్!" పులిహోర కలుపుతున్న చేత్తోనే వేలు చూపించింది. "నాకు గది కావాలంటే మీ మొహం మీదే అడుగుతాను. అడుగుతూనే ఉన్నాను కూడా. మా అమ్మని పంపి బొమ్మలు కడిగించే ఖర్మ నాకేం పట్టలేదు!"

"ఆదివారం పోటీ. ఇంకేం తీసుకెళ్లాలి? ఓడిపోయినట్టే. పెట్టుకో నీ జాడీలు."

ఆవిడ పులిహోర కసిగా కలిపింది. "అట్టా కుదరదు," అంది చివరికి. "ఇప్పుడు ఓడిపోతే నా వల్ల కాదు, మా అమ్మ వల్ల ఓడినట్టు. చచ్చేదాకా దెప్పుతారు మీరు. ఆ బండి తీసుకుని పైకి పదండి."

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇద్దరం మేడ మీద గదిలో కూర్చున్నాం. కడగక ముందు నేను తీసుకున్న ఫొటోలు చూపించాను. ఆవిడ ఫోను దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూసి పెదవి విరిచింది.

"ఇది బురదలో తిరిగిన బండా, పౌడరు రాసుకున్న పెళ్లికొడుకా? అంతా ఒకటే మందాన పూశారు. ఇంతకీ ఈ బండి ఎటు నుంచి ఎటు పోతోంది? వాన పడి ఎన్నాళ్లయింది? డ్రైవరు ఏ పక్క నుంచి ఎక్కుతాడు?"

నేను జవాబు కోసం ట్యాంకు పెట్టె మీది బొమ్మ వెతికాను. ఆవిడ ఇక నన్ను అడగడం మానేసింది. నల్లమట్టిలో తెల్ల జిగురు, నీళ్లు పోసి ముద్ద కలిపింది. అందులో ఎండిన పత్తి ఆకు నలిపి వేసింది. వేపపుల్ల కొన చితక్కొట్టి, దాంతో చైన్ల మధ్య కూరింది. పైన ఏమీ పూయలేదు, అక్కడక్కడా చిందినట్టు చిలకరించిందంతే. వాళ్ల నాన్న ట్రాక్టరు చేలోంచి వచ్చి వాకిట్లో ఆగితే ఎలా ఉండేదో చెబుతూ చేసుకుపోయింది. ట్యాంకు ముందు భాగాన కుంకుమ మరక ఎంత తుడిచినా వదల్లేదు. దాని చుట్టూ ఇంకాస్త ముదురు రంగు అద్ది తుప్పు మరకగా మార్చేసింది. నా తుప్పు పొడి సీసా అడుగంటింది. "ఉండండి," అని కిందికి వెళ్లి చిన్న గిన్నెలో ఏదో ఎర్రమట్టి రంగు పొడి తెచ్చి బోల్టుల కింద వేలితో అద్దింది. అచ్చం తుప్పే.

"ఏంటది?"

"మీకెందుకు? బాగుందా లేదా?"

బాగుంది. ఎంత బాగుందంటే నాకు గర్వమూ ఏడుపూ రెండూ కలిపి వచ్చాయి. శనివారం ఎండ కాసింది, వార్నిష్ కొట్టాను. ఆదివారం బయల్దేరే ముందు ఆవిడ అట్టపెట్టె తెరిచి చూసి, "తుప్పు కళ తప్పింది," అని ఆ గిన్నెలోదే ఇంకో చిటికెడు అద్దింది.

ముగ్గురం వెళ్లాం. మా అత్తగారు తను కడిగిన బండికి ఏమిస్తారో చూడాలన్నారు. హాల్లో బల్లల మీద ట్యాంకులు, విమానాలు, ఓడలు. హైదరాబాదు నుంచి వచ్చిన న్యాయనిర్ణేత, పెద్దమనిషి, చేతిలో భూతద్దం, చిన్న టార్చి. ఒక్కొక్కటీ చూసుకుంటూ మా దగ్గరికొచ్చాడు. వంగాడు. ముక్కు దాదాపు ట్యాంకుకి ఆనించాడు. ఒక్కసారిగా తుమ్మాడు. సర్దుకుని మళ్లీ వంగాడు, మళ్లీ తుమ్మాడు. ఏమైందోనని పక్క బల్ల వాళ్లు వచ్చి వంగారు, వాళ్లూ తుమ్మారు. మా ముగ్గురికి మాత్రం ఏ వాసనా తెలియడం లేదు. నాది స్టోరేజీలో చచ్చిపోయిన ముక్కు, వాళ్లవి మిరపకళ్లాల్లో పుట్టి పెరిగిన ముక్కులు.

మా ఆవిడ పైన తిరిగే ఫ్యాను వంక శ్రద్ధగా చూస్తోంది.

"ఏం పూశావే?" అన్నాను పళ్లు బిగించి.

"కిందటేడు కారం. రంగు మాసిపోయింది, పచ్చడికి పనికిరాదు. పారెయ్యడం ఎందుకని..."

అయిపోయిందనుకున్నాను. మనసులోనే నా పెట్టెలు సర్దేసి, గదిలో జాడీలు వరసగా పేర్చేశాను. కానీ ఆ పెద్దమనిషి గట్టివాడు. ముక్కుకి రుమాలు కట్టుకుని మళ్లీ వచ్చాడు. కళ్లమ్మట నీళ్లు కారుతున్నా కదలకుండా చైన్ల దగ్గరే చాలాసేపు చూశాడు. సాయంత్రం వెదరింగ్‌కి మొదటి బహుమతి మా ట్యాంకుకే చెప్పారు. నన్ను వేదిక మీదికి పిలిచి మైకు చేతికిచ్చారు. గది నాదే! కాళ్లు నేల మీద ఆనలేదు.

"ఒక్క విషయం," అన్నాడాయన ముక్కు తుడుచుకుంటూ. "కుడి చైనుకే బురద ఎక్కువ, ఎడమ దానికి దుమ్మే ఉంది. అందరూ రెండు పక్కలా ఒకేలా పూస్తారు. ఇలా ఎందుకు చేశారు?"

నేను నోరు తెరిచాను. నిజంగానే నాకు తెలియదు. హాలంతా నా వంక చూస్తోంది, నేను మా ఆవిడ వంక చూశాను.

"ఎడమ చైను గట్టు మీద నడిచింది కాబట్టి!" అంది కూర్చున్న చోటు నుంచే, మైకు అక్కర్లేకుండా. "కుడిది చేలో దిగింది."

"ఏ చేలో అమ్మా?"

"దర్శి దగ్గర. మాదే."

హాలంతా గొల్లున నవ్వింది. "అయితే ఇది చేసింది మీరా?" అన్నాడాయన. ఆవిడ నా వైపు చూసింది. నేనే చేశానని అంటే కాదనేది కాదు, ఆ సంగతి ఆ చూపులోనే తెలిసింది. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఇంతలో మా అత్తగారు లేచి నిలబడ్డారు.

"కడిగింది నేనండీ!"

ఇక దాచడానికేముంది? "కట్టింది నేను," అన్నాను మైకులో. "కడిగింది మా అత్తగారు. మురికి చేసింది మా ఆవిడ." చప్పట్లు ఆగలేదు. బహుమతి ఫలకం మీద ఆవిడ పేరే రాశారు.

తిరుగు బస్సులో ఆవిడ ఫలకాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కృష్ణ దాటాక మెల్లిగా అడిగింది. "బహుమతి దేనికొచ్చిందండీ?"

"మురికికి."

"మురికి ఎవరిది?"

నేను కిటికీలోంచి బయటికి చూశాను.

సోమవారం పొద్దున నా సామాను దించబోతే వద్దంది. జాడీలు పైకెక్కలేదు. ఆవిడ ఎక్కింది. నేను ఏళ్లుగా తెరవకుండా దాచుకున్న పెద్ద ట్యాంకు పెట్టె తెరిచి కూర్చుంది. ఆర్డర్లు ఆగవు కదా, కింద పచ్చళ్ల పని మెల్లమెల్లగా నా మీద పడింది. పండుమిరపకాయలకి తొడిమలు తీయడం వచ్చింది. ఉప్పు చూడటం వచ్చింది. పోపు పెట్టడం కూడా దాదాపు వచ్చింది.

మొన్న పొయ్యి మీద నూనె పెట్టి, ఆవాలు వేసి, ఎండుమిరపకాయలు ఎన్ని వేయాలో అడుగుదామని పైకెళ్లాను. ఆవిడ తలెత్తకుండానే భూతద్దం నా చేతికిచ్చింది.

"ఎట్టా ఉందో చెప్పండి."

తప్పు పట్టాలనే చూశాను. చైను చూశాను, అంచులు చూశాను, బోల్టులు చూశాను. ఒక్క తప్పూ దొరకలేదు. నాదానికంటే బాగుంది. లోలోపల కుళ్లుకున్నాను.

"బాగుంది," అన్నాను.

"ఊరికే అనకండి. ఎక్కడ బాగుందో చెప్పండి." గొంతులో ఎప్పటి పెత్తనం లేదు. నేను ఏమంటానోనని నిజంగానే భయపడుతూ చూస్తోంది.

కుర్చీ లాక్కుని చెప్పడం మొదలుపెట్టాను. ఇద్దరం తలలు ఆనించి వంగి ఉన్నాం. ఇంతలో కింద ఆవాలు మాడిన వాసన మేడ దాకా వచ్చింది. నేను ఉలిక్కిపడి లేచాను. ఆవిడ నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.

"మాడితే మాడనివ్వండి. ఆ చైను దగ్గర ఏదో అన్నారే, అది చెప్పండి."