మౌలాలి గుట్ట మీద నా మెడ

పోలీసు చర్య జరిగిన ఏడాది చలికాలంలో కంపెనీ పని మీద బెజవాడ నుంచి సికింద్రాబాదు వెళ్లాను. ఆదివారం ఏమీ తోచక మౌలాలి గుట్ట ఎక్కాను. రజాకార్ల కథలు విని ఉన్నానేమో, ప్రతి బండ వెనకా ఒక పటాలం కనిపించింది. దర్గాలో తల వంచానో లేదో, మెడ మీద ఏదో పడింది. కత్తే! నా కేకకు బెజవాడలో కాకులు లేచి ఉంటాయి.

"ఏందయ్యా, గిట్ల ఒర్లుతవ్? నెమలీకలు. నీకు మంచిగుండాల్నని దువా చేస్తున్న," అన్నాడు దర్గా చూసుకునే ముసలాయన. ఆయన చెయ్యి నాకంటే ఎక్కువ వణుకుతోంది.

"చలా, సాయిబుగారూ?"

"భయం. మిలట్రీ వచ్చినసంది గుట్ట దిగలె. ఇంట్ల ముసల్ది పరేషాన్ల ఉంటది. జెర తోడొస్తవా?"

చేతులు పట్టుకుని దిగాం. దారిలో మేక తుమ్మితే నేను ఆయన వెనక నక్కాను, ఆయన నా వెనక.