చేప ఒంటి మీది ఎర్ర చుక్కలు

మస్కట్‌లో, రూవిలోని మా ఇంట్లో దేవుడి అలమర పక్కన ఒక నది బొమ్మ ఉంది. మా వారి ఆఫీసులో ఇచ్చిన జపాన్ క్యాలెండర్‌లోది. ఏడాది అయిపోయినా పారేయబుద్ధి కాక, తేదీలు కత్తిరించి బొమ్మ ఉంచుకున్నాను. ఆ కత్తిరింపులోనే కింద ఉన్న రాతా పోయింది. అడుగున గులకరాళ్లు కనిపించేంత తేట నీళ్లు, మధ్యలో ఒక చేప.

నేను బడికి వెళ్లలేదు. నాన్నగారే ఇంట్లో చదువు చెప్పారు. కలశంలో నీళ్లు పోసి గంగ మొదలు కావేరి దాకా నదులను పేరుపేరునా పిలవడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఇక్కడ కుళాయిలో వచ్చేది ఉప్పు తీసిన సముద్రపు నీరు. అయినా పిలిస్తే ఆ తల్లులు వస్తారనే నా నమ్మకం. బొమ్మలోని నదికీ శుక్రవారం శుక్రవారం బొట్టు పెడతాను గానీ, పిలుద్దామంటే పేరు తెలియదు. రోజూ ఎదురుపడే మనిషిని పేరైనా అడగకుండా తిరుగుతున్నట్టు ఉండేది.

మొన్న చలికాలంలో మా వారి ఆఫీసులో పనిచేసే జపాన్ ఇంజనీరు గారు భోజనానికి వచ్చారు. చిన్నప్పుడు తాతతో కలిసి కొండవాగుల్లో గాలం వేసేవారట. ఇది ఏ నదో అడగమని మా వారికి చెప్పి, ఆశగా బొమ్మ చూపించాను. చాలాసేపు చూసి, ఇంగ్లీషులో ఏదో అని, తల అడ్డంగా ఊపారు.

"ఏమంటున్నారండీ?"

"ఇలా నల్లమచ్చలున్న చేపలు రెండు రకాలంట. ఎర్రచుక్కలు కూడా ఉంటే జపాన్‌లో పడమటి నదులది, లేకపోతే తూర్పుది. దీనికి ముక్కు మీద కూడా చుక్కలున్నాయి, ఇలాంటిది ఎక్కడా చూడలేదంటున్నారు." మా వారు నవ్వాపుకుంటూ నా వైపు తిరిగారు. "అవి నీ బొట్లే గదే. పాపం, చేపకి అమ్మవారు పోసిందనుకుంటున్నట్టున్నారు."

సిగ్గేసింది. తడిగుడ్డ తెచ్చి మెల్లగా తుడిచాను. ముక్కు మీదివి పోయాయి, నీళ్ల మీదివీ పోయాయి. కాటుక వేలితో అద్దినట్టున్న మచ్చల పక్కన, సన్నటి ఎర్రచుక్కలు మాత్రం ఎంత తుడిచినా పోలేదు.

ఇంజనీరు గారి ముఖం విప్పారింది. ఆ చేప పేరు అమగో అట. చల్లటి, శుభ్రమైన నీళ్లల్లోనే బతుకుతుందట. పడమటి వైపని తేలాక, బొమ్మలో మూలనున్న పిట్టగోడ లేని వంతెననూ, నీటి నీలాన్నీ చూసి "నియోదో" అన్నారు. ఫోన్‌లో వెతికి అదే వంతెన చూపించారు.

"ఉప్పు రాసి కాల్చుకుంటే మహా రుచంట. నీకు చెప్పమన్నారు," అన్నారు మా వారు.

"దేవుడి ముందా ఆ మాటలు? పదండి, చారు చల్లారిపోతోంది."

ఆ శుక్రవారం కలశంలో నీళ్లు పోసి, కావేరి తర్వాత కాస్త ఆగి, నియోదో అని పిలిచాను. బొట్టు ఈసారి బొమ్మ అంచున పెట్టాను. చేపకు దేవుడు పెట్టినవి ఉండనే ఉన్నాయి.