చెక్‌పోస్టులో చెక్క కత్తులు

వడ్ల పీరయ్యకు కత్తి అంటే భయం. ఉలి, బాడిస, రంపం పట్టి ముప్పై ఏళ్లు బతికినవాడికి పదును కొత్తేమీ కాదు. మనిషి మీదికి ఎత్తే వస్తువంటేనే అతనికి వణుకు. జగిత్యాల దగ్గర తమ ఊళ్లో, ఇరవై రెండేళ్ల వయసులో, పీర్ల పండుగకు కర్రసాము ఆడుతూ చిన్నాయన కొడుకు చెవి మీద దెబ్బ వేశాడు. కావాలని వేసింది కాదు, అడుగు తప్పింది. ఆ మనిషికి ఆ చెవి మళ్లీ వినపడలేదు. ఆ రోజే పీరయ్య తన కర్రను పొయ్యిలో పెట్టాడు.

ఇప్పుడతనికి నలభై ఆరు. సౌదీలోని ఖఫ్జీలో ఒక కొరియా కంపెనీ క్యాంపులో కార్పెంటరు. తలుపులు బిగించడం, మంచాలు బాగుచేయడం అతని పని. ఆ క్యాంపులోనే బేక్ అనే పెద్ద ఇంజనీరు ఉండేవాడు. శుక్రవారం పొద్దున మెస్ వెనక షెడ్డులో ఆయన తనవాళ్లు ఏడుగురికి కత్తి విద్య నేర్పేవాడు. ఒకనాడు వర్క్‌షాపుకు వచ్చి, పాత బొమ్మల కాగితాలు బల్ల మీద పరిచి, ఇలాంటి చెక్క కత్తులు ఆరు చేసిపెట్టమన్నాడు.

కాగితాల నిండా కత్తులు, ఈటెలు, త్రిశూలంలాంటి ఆయుధాలు పట్టుకున్న సైనికులు ఉన్నారు. రెండువందల ముప్పై ఏళ్ల కింద తమ రాజు గీయించిన బొమ్మలని బేక్ చెప్పాడు. ఇంగ్లీషు, హిందీ, అరబీ కలిపిన సైటు భాష ఆయనది. "ఇది మా పాత రాజ్యంలోది. ఇది చైనాది. ఇదిగో, రెండు చేతుల పెద్ద కత్తి, ఇది మొదట జపాన్‌ది. చైనావాళ్లు జపాన్ ఓడదొంగల దగ్గర చూశారు, మేం చైనావాళ్ల దగ్గర నేర్చుకున్నాం. తర్వాత అన్నీ కలిసి మావైపోయాయి."

పీరయ్య చూపు బొమ్మల్లోని కాళ్ల మీద ఆగింది. ముందు కాలు వంచి, వెనక కాలు చాచి నిలబడిన తీరు అతనికి తెలిసిందే.  వద్దందామనుకున్నాడు. కానీ పెద్దవాళ్ల ముందు కాదనడం అతనికి చేతకాదు. తలూపాడు.

ఆ వారం ఫోనులో సంగతి విని భార్య గౌరవ్వ మండిపడింది. "గదేం పనయ్యా? ఆ దేశంల గూసోని కత్తులు జేస్తవా? ఎవడన్న జూస్తె ఏమైతది?"

"కట్టెవే గదనే. ఆట వస్తువులు."

"ఆట అని నీ నెత్తిన రాసి ఉంటదా? నాతోని గాదని చెప్పు."

అతను చెప్పలేదు. బీచ్ అనే గట్టి రకం చెక్క తెచ్చి, కోసి, చిత్రిక పట్టి ఆరూ పూర్తిచేశాడు. ఈలోగా బేక్‌ను అల్ ఖోబర్ ఆఫీసుకు మార్చారు. వెళ్తూ ఆయన తన సొంత లోహపు కత్తి ఒకటి పీరయ్యకిచ్చాడు. పిడి వదులైందట, మార్చి మిగతా వాటితో పాటు పంపమన్నాడు. పీరయ్య దాని అంచు మీద బొటనవేలు ఆనించి చూశాడు. పదును లేదు, సాధన కోసం చేసినది. కానీ లోహం లోహమే. వెలుగులో తళుక్కుమంది.

"సార్, దారిలో పోలీస్..." అన్నాడు మెల్లగా.

"నో కట్టింగ్. మాఫీ ముష్కిల్" అని నవ్వి, బేక్ కారెక్కాడు. సైటు అరబీలో మాఫీ అంటే లేదు, ముష్కిల్ అంటే ఇబ్బంది.

పదిహేను రోజులకు సామాను బండి ఖోబర్ వెళ్తుంటే, తలుపు కొలతలు కూడా చూసుకు రమ్మని పీరయ్యను ఎక్కించారు. బండి నడిపేది నిర్మల్ ఊరతను, స్వామి. కత్తులన్నీ దుప్పట్లో చుట్టి వెనక పెట్టారు.  చెక్‌పోస్టు దగ్గర బండి వరుసలో ఆగింది.

కుర్ర సిపాయి దుప్పటి విప్పాడు.  "సైఫ్!" అని కేకేశాడు. కత్తి అన్నమాట. నలుగురు ఉరికొచ్చారు. స్వామిని ఒక పక్కకు, పీరయ్యను మరో పక్కకు లాగారు. అక్కడ ఉండేందుకిచ్చే ఇకామా కార్డు, ఫోను తీసుకున్నారు.

అతన్ని కూర్చోబెట్టిన గదిలో ఏసీ గట్టిగా నడుస్తోంది. అయినా వీపంతా తడిసిపోయింది. అద్దం అవతల స్వామి చేతులు ఊపుతూ ఏదో చెబుతున్నాడు, మాట వినపడదు. వాడేం చెబుతున్నాడో, తను చెప్పేదానికి అది సరిపడుతుందో లేదో! జైలా? ఊరికి పంపేస్తారా? పంపినా మంచిదే, అసలు పంపకపోతే? పీరయ్య వేళ్లు ఒకదాన్నొకటి నలుపుకుంటూ ఉండిపోయాయి.

అధికారి వచ్చి ఏడు కత్తులూ బల్ల మీద పరిచాడు. ఎవరివి, ఎందుకు అని అడిగాడు. పీరయ్యకు వచ్చిన అరబీ అంతా ఆ క్షణంలో ఎగిరిపోయింది. "ఖషబ్... కట్టె... కొరియా ముదీర్... రియాదా" అన్నాడు. కొరియా మేనేజరువి, ఆట కోసం అని చెప్పాలని ఆరాటం.

"ఆటా? ఎలా ఆడతారో చూపించు." అధికారి ఒక చెక్క కత్తి అతని వైపు తోశాడు.

 తలుపు దగ్గర తుపాకీతో సిపాయి ఉన్నాడు. కత్తి ఎత్తితే ఏమనుకుంటారు? ఎత్తకపోతే అబద్ధమంటారు. రెండు చేతులతో పట్టుకుని లేచాడు. బొమ్మలో చూసినట్టు ముందు కాలు వంచాడు. కత్తి మొన గడగడా వణుకుతోంది. ఒక అడుగు వేశాడు. రెండో అడుగుకు ఎదురుగా చిన్నాయన కొడుకు ముఖం కనబడింది. చేతులు పట్టు వదిలేశాయి. కత్తి నేల మీద పడి పెద్ద చప్పుడైంది. సిపాయి తుపాకీ ఎత్తాడు.

పీరయ్య ఉన్నచోటే కూలబడి చేతులు పైకెత్తాడు. పంట్లాం తడిసిందని కాసేపటికి గాని తెలియలేదు. ఆ సంగతి సిపాయి కూడా చూశాడు. తుపాకీ దించి, ఒక నీళ్ల సీసా తెచ్చి అతని పక్కన పెట్టి, అటు తిరిగి నిలబడ్డాడు.

మధ్యాహ్నం దాటాక, అసర్ నమాజు వేళకు, కబురందుకుని బేక్ వచ్చాడు, కంపెనీ తరఫు సౌదీ ఉద్యోగి ఒకతన్ని వెంటబెట్టుకుని. కాగితాలు చూపించారు. లోహపు కత్తిని అధికారి అట్టే పెట్టుకున్నాడు, చెక్కవి ఇచ్చేశాడు. చివరికి బేక్‌తో అన్నాడు, "నీ వస్తువుకు నువ్వు రావాలి. ఈ మనిషిని ఎందుకు పంపావు?"

బేక్ చెక్క కత్తులు ఎత్తి తనే కారులో పెట్టుకున్నాడు.

స్వామినీ వదిలేశారు, అతను బండితో ముందు పోయాడు, పీరయ్య బేక్ కారెక్కాడు. కొంత దూరం పోయాక పీరయ్య నోరు తెరిచాడు. ఇన్నేళ్ల కొలువులో ఏ సారుతోనూ అలా మాట్లాడలేదు. "సార్, నువ్వు మాఫీ ముష్కిల్ అన్నవు. నీకు మాఫీ. నాకు ముష్కిల్. కత్తి ఆడి చూపియ్యమన్నరు, తుపాకీ నా మీదికి లేపిండ్రు."

బేక్ కారు పక్కకు ఆపాడు. దిగి, ఇటువైపు తిరిగొచ్చి, పీరయ్య తలుపు తెరిచి, తప్పైందన్నట్టు నడుము దాకా వంగాడు. పీరయ్య కంగారుపడి దిగబోయాడు, ఆయన దిగనివ్వలేదు.

మళ్లీ బయల్దేరాక బేక్ నెమ్మదిగా చెప్పాడు. నాలుగు వందల ఏళ్ల కింద జపాన్ సైన్యం తమ దేశం మీద పడిందట. ఆ సైనికుల్లో కొందరు లొంగిపోయి అక్కడే ఉండిపోయారట. వాళ్లచేతనే తమ సైనికులకు జపాన్ కత్తి నేర్పించారట. "వాళ్లు గొప్ప గురువులు అని విద్యార్థులకు చెబుతుంటాను. పరాయి దేశంలో, చుట్టూ తమను చంపాలనుకున్నవాళ్లు. వాళ్ల చేతిలో కత్తి ఎలా వణికి ఉంటుందో ఇన్నేళ్లలో నేను ఆలోచించలేదు."

పీరయ్య వినీ విననట్టు కూర్చున్నాడు. అతనికి అప్పుడు కావలసినవి పొడి బట్టలు, ఒక కప్పు చాయ.

తర్వాత ఏడాదిలో బేక్ మరో నాలుగు కత్తులు అడిగాడు. పీరయ్య ఈసారి మాట దాచుకోలేదు. "చేస్త సార్. వచ్చి నువ్వే తీస్కపో. నేను మొయ్య." బేక్ వచ్చి తీసుకుపోయాడు, కత్తులు తనవేనని సంతకం పెట్టిన కాగితం ఒకటి వర్క్‌షాపు గోడకు అంటించి మరీ. కాంట్రాక్టు ముగిసి ఆయన తన దేశం వెళ్లిపోయాడు.

పీరయ్య ఖఫ్జీలోనే ఉన్నాడు. ఆ రోడ్డు మీద నెలకోసారైనా పోవాల్సి వస్తుంది. చెక్‌పోస్టు ఇంకా రెండు కిలోమీటర్లు ఉందనగానే మాట ఆపేసి, రెండు చేతులూ మోకాళ్ల మీద, అందరికీ కనబడేటట్టు పెట్టుకుని కూర్చుంటాడు.