ఏటికి అవతలి తాకట్టు

మోసిన బరువును కొలవడం నాకు రాదు. మోసిన కాలాన్ని చెప్పగలను. సౌమ్య సంవత్సరం మార్గశిరం నుంచి ఈ సిద్ధార్థి వరకు, పదేళ్ళు. ఈ పదేళ్ళలో సుఖంగా అన్నం తినలేదని రాస్తే అబద్ధమవుతుంది. తిన్నాను. నిద్రపోయాను కూడా. బరువు మాత్రం దిగలేదు. చదువుతున్న మీరెవరో నాకు తెలియదు. తెలిసినవారికి చెప్పలేకనే మీకు చెబుతున్నాను.

మురమళ్ళ దగ్గరి రేవులో నావలకు కొలత వేయడం నా వృత్తి. పాత నావ కొనదలచినవారు నన్ను పిలుస్తారు. మూరకర్రతో కొలిచి, ఎన్ని పుట్ల ధాన్యం పడుతుందో, ఏ చెక్క పుచ్చిందో చెబుతాను. లెక్కకు అందనిదాన్ని నేను నమ్మను. అందుకే జనం నన్ను నమ్మారు.

నా తోడల్లుడికి పన్నెండు పుట్ల నావ ఉండేది. అతడు నాకు తొంభై రూపాయలు బాకీ. పత్రం లేదు. అడిగితే నవ్వేవాడు. ఆ మార్గశిరంలో తానే వచ్చి, నావ అమ్మి నా బాకీ తీరుస్తానన్నాడు. దాన్ని యానాం షావుకారుకు తాకట్టు పెట్టానని, ఆ అప్పు నూటయాభై ఇంకా తీరలేదని కూడా అతడే చెప్పాడు. యానాం ఫరాసుల, అంటే ఫ్రెంచివాళ్ళ, ఏలుబడి. అక్కడ రాసుకున్న పత్రం సంగతి ఏటికి ఇవతల ఎవరికీ తెలియదు. కొనేవాడు రాజోలు వైపువాడు. గోదావరి వశిష్ఠ పాయలో తిరగబోయే నావ గౌతమి పాయకు వచ్చి యానాం రేవును ఎందుకు తాకుతుంది? నేను లెక్క వేశాను. దూరం లెక్క, కిరాయి లెక్క, ఏ సరుకు ఎటు పోతుందన్న లెక్క. తాకదని తేలింది. చేస్తున్నది తగునా అని ఒక్కసారైనా నన్ను నేను అడిగానా? ఆ ప్రశ్న అడగకుండా ఉండడానికే అన్ని లెక్కలు వేశానేమో.

కొనవచ్చినవాడు పోలయ్య. ఇరవై ఏళ్ళు పరుల నావల మీద కూలికి గడ వేసినవాడు. భార్య మెడలోని కాసులు కూడా అమ్మి, అడిగిన రెండువందల నలభై తెచ్చాడు. నేను కొలత ముగించి గట్టెక్కాను. అతడు నా వెనకే వచ్చాడు.

“చెక్కంతా తట్టి చూసేరు కదండీ బాబుగారూ. మరి దీని మీద ఎవరి బాకీ అయినా ఉందాండీ?”

“నేను కొలిచేది చెక్కను. తట్టితే పుచ్చు తెలుస్తుంది గాని బాకీ తెలియదు” అన్నాను.

అతడు నవ్వాడు. “ఆయ్, అదీ నిజమేనండీ. మా ఇంటిది అడగమంది, అడిగేను. ఉంటే తమరు చెప్పకుండా ఉంటారేటండీ? మెడ బోసిపోయిందని రేపట్నించి సణుగుతాదండీ అది. నీ కాసులు ఎక్కడికీ పోలేదే, నీళ్ళ మీద తేలతన్నాయి, వచ్చి చూసుకో అంటానండీ.”

“నావ మంచిదే” అన్నాను.

అది నిజం. నిజాన్ని అంత నీచంగా నేను మరెన్నడూ వాడలేదు. ఆ సాయంత్రం తోడల్లుడు తొంభై రూపాయలు నా ముందు లెక్కపెట్టాడు. నేను మళ్ళీ లెక్కపెట్టుకున్నాను.

రెండేళ్ళు నా అంచనా నిలిచింది. విరోధికృతులో ఒక వర్తకుడు యానానికి కొబ్బరికాయలు చేరవేస్తే రెట్టింపు కిరాయి ఇస్తానన్నాడు. పోలయ్య వెళ్ళాడు. కాయలు దించకముందే షావుకారు మనుషులు నావను గుర్తుపట్టి ఆపేశారు. తాకట్టు తీరని నావను కొన్నవాడికి నావతోపాటు తాకట్టూ సంక్రమిస్తుంది. అమ్మినవాడి సంతకం దాన్ని తుడిచెయ్యదు. అక్కడి న్యాయాధికారి తేల్చింది అదే. అసలూ వడ్డీ కట్టి నావను విడిపించుకో, లేదా నీకు అమ్మినవాణ్ణి పట్టుకో. అమ్మినవాడు అప్పటికే ఓడెక్కి రంగూను పోయాడు.

పోలయ్య మన మునసబు ఎదుట అతడి మీద దావా వేసి, నన్నే సాక్షిగా పిలిచాడు. నేను పొడవు చెప్పాను. వెడల్పు చెప్పాను. అమ్మిన తేదీ, ముట్టిన ధర, ఒక్క అంకె తప్పకుండా చెప్పాను. తాకట్టు సంగతి నీకు ముందే తెలుసా అని ఎవరూ అడగలేదు. నా తోడల్లుడు అక్కడ లేడు గనుక చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. చెప్పి ఉంటే తొంభై రూపాయలైనా నా చేతి నుంచి పోలయ్యకు చేరేవి. తీర్పు పోలయ్య పక్షానే వచ్చింది. వసూలు చేయడానికి మాత్రం ఏమీ మిగల్లేదు.

బయటికి వచ్చాక పోలయ్య నాకు దండం పెట్టాడు. అతడి భార్య పెట్టలేదు. కొంగు బిగించి నిలబడి నన్నే చూసింది. ఆమెకు తెలుసా? తెలియకపోయినా ఆ చూపు నేను తప్పించుకోలేకపోయాను.

పోలయ్య మళ్ళీ కూలికి గడ పట్టాడు. నిరుడు జ్వరంతో పోయాడు. ఆ తొంభై రూపాయలతో నేను కొన్న కొబ్బరి మొక్కలు కాపుకు వచ్చాయి. కాయలు ఏనాడూ ఆ ఇంటికి పంపలేదు. పంపితే ఎందుకని అడుగుతారు.

మునసబు అడగని ప్రశ్నకు జవాబు ఇక్కడ రాస్తున్నాను. నాకు తెలుసు. ఆ గట్టు మీద అతడు అడుగుతున్నప్పుడే తెలుసు.

క్షమించమని ఎవరినీ అడగను. అడగవలసినవాడు లేడు. రాయవలసింది రాశాను. అంత మాత్రమే.