పిల్ల గొంతు కోసం తెచ్చిన పెట్టె

పెట్టె పెట్టుకున్నాక నేను మొట్టమొదట విన్నది మా అత్త త్రేన్పు. ఐదేళ్ళుగా ఏ చప్పుడూ సరిగ్గా పడని చెవిలోకి, ఇంకేమీ దొరకనట్టు, అది వచ్చి పడింది. దేవుడికి నా మీద ఎంత గౌరవముందో అప్పుడే తెలిసిపోయింది.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. మా ఆయన పత్తి బేరాల కోసం బొంబాయి పోయి, అక్కడెవరో చెప్పగా ఆ వినికిడి పెట్టె తెచ్చాడు. అరచేతికన్నా కాస్త పెద్దది, ఎద మీద వేలాడదీసుకోవాలి. దాన్నుంచి ఒక తీగ చెవికి, ఇంకొక తీగ నడుముకు కట్టుకున్న బ్యాటరీకి. బ్యాటరీ ఇటుక బరువుండేది. కొంగు కింద ఆ ఎత్తు చూసి పక్కింటావిడ మా అత్తను పక్కకు పిలిచి, "ఏం వదినా, సిన్నకోడలు నీళ్ళోసుకుందా?" అని అడిగిందట.

"ఆ, ఇనుప పిల్ల పుడతాది, వచ్చి సూసిపో" అన్నదట మా అత్త. ఆదోనిలో మా వీధంతా నవ్వుకున్నారు. నాకు ఒళ్ళు మండింది కానీ, నిజం చెప్పాలంటే మాట బాగానే ఉంది.

పెట్టెకు తోలు సంచి ఉండేది. తోలు మైల కదా, అది కట్టుకుని వంటింట్లో కాలు పెట్టకూడదని అత్త హుకుం. సంచి విప్పేసి పాత చీరగుడ్డతో ఇంకొకటి కుట్టుకున్నాను. అయినా రానివ్వలేదు. ఐదేళ్ళుగా నా పనిలో తప్పులు చూపడానికి సైగలు చేసీ చేసీ ఆమెకు చేతులు నొప్పి పుట్టి ఉంటాయి, ఇప్పుడు నోటితోనే తిట్టవచ్చని సంతోషిస్తుందనుకున్నాను. సంతోషించలేదు. వినపడని కోడలి ముందు ఏదైనా అనుకోవచ్చు, ఆ సుఖం పోయింది పాపం.

నేను పుట్టు చెవిటిదాన్ని కాను. ఎమ్మిగనూరులో మగ్గాల చప్పుడు మధ్య పెరిగినదాన్ని. కూతురు పుట్టిన నెలలో చలిజ్వరం వచ్చింది. డాక్టరు మింగించిన క్వినైన్‌తో జ్వరం పోయింది, వెంట చెవులూ పోయాయి. అంతకుముందు బిడ్డ ఏడుపు విన్నాను. దాని మాట వినలేదు. ఐదేళ్ళ పిల్లకు మాటలెలా ఉంటాయో, గొంతు సన్నమో బొంగురో, నత్తి ఉందో లేదో నాకు తెలియదు. పెద్దవాళ్ళ పెదవులు చూసి కొంత పట్టుకునేదాన్ని. పిల్ల పెదవులు పట్టుకోవడం నావల్ల కాలేదు. అది ఎప్పుడూ పరిగెత్తుతూనో నములుతూనో ఉండేది. పైగా నాతో మాట్లాడటం దండగని దానికి పెద్దలకన్నా ముందే తెలిసిపోయింది. ఏదైనా కావాలంటే నా కొంగు లాగి వేలితో చూపేది, అంతే. పెట్టె చేతికి వచ్చిన రోజు నేను కోరుకున్నది ఒక్కటే. అది నన్ను అమ్మా అని పిలిస్తే వినాలి.

ఆ రోజు నాకు ఒక్క మాటా తెలియలేదు. మరునాడే అత్త మొక్కు తీర్చాలని పిల్లను వెంటబెట్టుకుని మంత్రాలయం పోయింది. పోతే పోయిందిలే, వాళ్ళు వచ్చేలోపు చెవి అలవాటు చేసుకోవచ్చనుకున్నాను.

అలవాటు కావడం అంటే తన్నులు తినడమే. ఇత్తడి బిందె గచ్చు మీద పెడితే ఎవరో నా తల మీద కొట్టినట్టుండేది. నా చీర పెట్టెకు రాసుకుంటే ఎవరో గుడ్డలు చింపుతున్నారని వెనక్కి తిరిగేదాన్ని. కాకి, మా ఆయన ఒకే గొంతుతో అరిచేవాళ్ళు. పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లు కూత వేసినప్పుడు చెవిలోది పీకి విసిరికొట్టి, అది పగిలిందేమోనని మళ్ళీ నేనే ఏడ్చాను. మనుషులున్న ఇంట్లో ఇన్ని చప్పుళ్ళుంటాయని, వాటి మధ్య జనం పిచ్చెక్కకుండా బతుకుతారని మరచిపోయాను.

మాటలు మాత్రం చప్పుళ్ళ మధ్య నుంచి విడివడేవి కావు. అవి నేర్పింది మా తోడికోడలు. ఆమె వంటింటి తలుపు చాటున కూర్చుని రొట్టెలు తడుతూ ఉప్పు, చింతపండు, జొన్నలు అని ఒక్కొక్క మాటా అనేది. నేను గడప ఇవతల కూర్చుని తిరిగి చెప్పేదాన్ని. తప్పు చెబితే నవ్వేది.

"చెవులున్నోళ్ళే ఈ ఇంట్లో ఒకరి మాట ఒకరు ఇనరు. నేర్సుకోని నువ్వేం సేస్తావే?" అనేది.

మంచి మనిషి. నేను జ్వరంతో పడి ఉన్నప్పుడు నా బిడ్డకు తన పాలిచ్చింది. అప్పుడు ఆమె చంకలోనూ పసివాడున్నాడు. ఆమె మీద కోపం తెచ్చుకోవడానికి నాకు ఏ దారీ మిగల్చలేదు. అదొక్కటే ఆమె నాకు చేసిన అన్యాయం.

మంత్రాలయం నుంచి, పెట్రోలు కరువుకు బొగ్గుతో నడిపే బస్సులో వచ్చి, జట్కా దిగారు అత్తా పిల్లా. నేను వసారాలో ఉన్నాను. వీధిలోనే "అమ్మా!" అన్న కేక వినిపించింది. సన్నని గొంతు, చివర్న కొంచెం జీర. ఎవరూ చెప్పకుండానే అది నా పిల్లదని తెలిసిపోయింది. నాకు ప్రాణం లేచొచ్చింది. చేతులు చాచి నిలబడ్డాను.

పిల్ల నన్ను దాటుకుని పోయి వంటింటి గడప దగ్గర మా తోడికోడలి నడుమును చుట్టేసుకుంది.

సరే, మింగాను. పాలు తాగిన బిడ్డ, ఆమె పిల్లలు ఆమెను పిలిచినట్టే పిలుస్తుంది, అందులో వింత ఏముంది? రెండో పిలుపు నాదే కదా అనుకున్నాను. అత్త ప్రసాదం పొట్లం తీసి పిల్ల చేతిలో పెట్టింది.

"మీ అమ్మకిచ్చి రాపో."

పిల్ల మా తోడికోడలికి చాచింది.

"ఆ అమ్మకు కాదే."

"చెవిటిదానికా అవ్వా?"

ఎగతాళి లేదు, కోపం లేదు. నీళ్ళు బిందెలో పొయ్యాలా చెంబులో పొయ్యాలా అని అడిగినట్టు అడిగింది. నా దగ్గరకు వచ్చి పొట్లం చాచి, "చెవిటీ, తీసుకో" అంది. ఎంత ముద్దుగా అందో. నత్తి లేదు.

మా ఇళ్ళలో పిల్లలకు పిలుపులు ఎవరూ నేర్పరు. ఇంట్లో నలుగురూ ఎవరిని ఏమంటే వాళ్ళూ అదే అంటారు. మా ఆయన కన్నతల్లిని వదినా అని పిలుస్తాడు, ఆయన చిన్నాన్నలు అలా పిలిచేవాళ్ళు కాబట్టి. అంటే ఐదేళ్ళుగా ఈ ఇంట్లో నా పేరు ఏమిటో పిల్ల నాకు అప్పగించింది. అంతకుముందు ఇంట్లో ఒక్కరైనా, ఒక్కసారైనా నన్ను చూపించి అమ్మ అని ఉంటే దానికి ఆ మాట తగిలి ఉండేది.

తోడికోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె కూడా అనేది కాబోలు. అత్త మాత్రం తొణకలేదు.

"పసిబిడ్డ, దానికేం తెలుసు? ఆ పెట్టె రానంతవరకు ఈ తంటా లేకుండె" అంది.

నేనేమన్నానో గుర్తు లేదు. అరిచాను. నా అరుపు నాకే పెట్టెలోంచి భయంకరంగా వినిపించింది. ఇంటి ముందరి మా అంగట్లోంచి మా ఆయన పరిగెత్తుకొచ్చాడు. సంగతి విని, తల్లిని ఏమీ అనలేక పిల్ల చెవి పట్టుకుని మెలేశాడు.

"అమ్మా అను. ఈమెను సూసి అను. అంటావా లేదా?"

పిల్ల బిక్కచచ్చి నన్ను చూసింది. ఆయన ఇంకా మెలేశాడు. అప్పుడు అంది. గట్టిగా, ఏడుపుతో, రెండు చేతులూ చాచి "అమ్మా!" అంది, వంటింటి వైపు చూసి.

తోడికోడలు ఒక అడుగు వేసి, నన్ను చూసి ఆగిపోయింది. నేను పక్కకు జరిగి దారి ఇచ్చాను.