కొసరుగా వచ్చిన తీగ

పోయిన వారం మా ఇంట్లో ఇంటర్నెట్ పెట్టె మార్చడానికి వచ్చిన మనిషి, పాత పెట్టెలోని ఏర్పాట్లన్నీ తన ఫోనులో చూసుకుంటూ ఒకచోట ఆగి, ఐదో నంబరు ఎవరికీ పోకుండా కట్టేసి ఉంది, దాని మీద ఏ మిషనూ లేదు, తీసేయనా అని అడిగాడు. వద్దు, కొత్తదానిలోనూ అలాగే కట్టేయమన్నాను. అంతకుముందే బిగింపు కూలి దగ్గర అతణ్ణి గీసిగీసి బేరమాడి విసిగించి ఉన్నాను కనుక, ఇందులోనూ నాకేదో లాభం ఉంటుందనుకున్నాడు కాబోలు, మారుమాట లేకుండా కట్టేశాడు.

నెల్లితోపులో మాది స్టీలు సామాన్ల అంగడి. గల్లా పెట్టె పక్కన పెరిగినవాణ్ణి, నడక కంటే బేరం ముందు నేర్చినవాణ్ణి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక పాత ఇంటి ముందుభాగం కొన్నాను. తన తండ్రి కట్టిన పొడవాటి ఇంటికి నడుమ గోడ లేపి, ముందు సగం నాకు అమ్మి, వెనక సగానికి మంచి ధర వచ్చేదాకా అని తాళం వేసుకున్నాడు దాని యజమాని. రిజిస్టరు సంతకాలయ్యాక కూడా నేను వంకాయలు కొన్నవాడిలా కొసరు అడిగాను. ఆయన నవ్వి, ఫ్యాన్లు ఉంచుకోండి, అటక మీద కంప్యూటర్లను కలిపే పెట్టె ఒకటుంది, తీగలతో సహా అదీ ఉంచుకోండి అన్నాడు. హబ్ అంటారట దాన్ని. ఊరికే వచ్చింది కదా అని మురిసిపోయాను గాని, దాని తీగల్లో ఒకటి ఎటు పోతుందో చూడాలని నాకు తోచలేదు.

రెండు కంప్యూటర్లు కొంటే ధర తగ్గిస్తానన్నాడని రెండు కొన్నాను, ఒకటి నాకు, ఒకటి మా ఆవిడకు. ఆవిడ మిషనుకు ఇంటర్నెట్టు పెట్టించి, అందులోంచే హబ్ ద్వారా నా మిషనుకూ పంచుకున్నాం. ఆ రోజుల్లో ఒక్కో మిషనుకు ఒక్కో నంబరు మనమే చేత్తో ఇచ్చుకోవాలి. మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. ఒకే నంబరు రెండింటికి పడితే ముందు వచ్చినది కూర్చుంటుంది, వెనక వచ్చినది గుమ్మంలో నిలబడిపోతుంది. కంప్యూటర్లు బాగుచేసే మా బావమరిది వచ్చి, రెండు వందలకు పైగా నంబర్లున్నాయి, ఏదైనా ఒకటేనన్నాడు. నేను మాత్రం ఐదు కావాలని పట్టుబట్టాను. అంగడి ఫోనూ స్కూటరూ, ఏ నంబరు అంకెలు కూడినా ఐదు వచ్చేట్టు చూసుకున్న వంశం మాది.

మా ఊళ్ళో మధ్యాహ్నం షట్టర్లు దిగితే నాలుగింటిదాకా లేచేవి కావు. మిగతా ఊళ్ళకు అర్ధరాత్రి ఎలాగో మాకు ఆ ఎండవేళ అలాగ. వీధిలో కుక్క కూడా మొరిగేది కాదు. సరిగ్గా ఆ వేళకే నేను భోంచేసి మిషను తెరిస్తే, తెర మూలనుంచి ఒక పసుపు చీటీ లేచి, ఈ నంబరుతో ఇంకొకరు ఉన్నారని చెప్పేది. నాలుగయ్యేసరికి ఆ ఇంకొకరు వెళ్ళిపోయేవారు. మిషన్ల ముచ్చట నాది, వినికిడి మా ఆవిడది. నిండు చూలాలు, మధ్యాహ్నాలు గోడవైపు తిరిగి పడుకునేది. గోడలో ఎవరో పాడుతున్నారని ఒకరోజు నాతో మెల్లగా చెప్పింది. చెవి ఆనించి విన్నాను. మాటలు తెలియవు, పాటేనని మాత్రం తెలుస్తుంది, చాలా దూరం నుంచి, చాలా పాతది. ఇంటి యజమానికి ఫోన్ చేస్తే, వెనక యాడయ్యా మనుషులు, ఎలకలు గూడా లేవు అని పెట్టేశాడు.

ఆమె పుట్టింటికి వెళ్ళి ఆడపిల్లను కన్నది. ఈ సంగతి మా అత్తగారి చెవిన పడనే పడింది. గోడలు పాడే ఇంటికి పసిబిడ్డను పంపేది లేదని, కావాలంటే అల్లుడే ఇల్లు మార్చుకోవాలని ఆమె తేల్చి చెప్పింది. ఎవరితోనైనా బేరం కుదుర్చుకోగలిగిన నేను ఆమెను ఒక్క మెట్టు కూడా దించలేకపోయాను. ఆ ఇంకొకరెవరో తేల్చుకుంటే తప్ప నా పెళ్ళాం బిడ్డా ఈ గడప తొక్కరు.

ఒక మధ్యాహ్నం బావమరిది నా మిషను ఆపేసి, దాని తీగ ఊడదీసి నా చేతికిచ్చాడు. తరువాత మా ఆవిడ మిషను నుంచి, ఉన్నావా అని ఐదో నంబరును పిలిచాడు. ఐదు అంటే నేను. నా తీగ నా పిడికిట్లోనే ఉంది. అయినా జవాబు వచ్చింది. ఒకదాని కింద ఒకటిగా వరసలు పడుతూ వచ్చింది.

"బావా, నీ నంబరులో ఎవురో కూర్చోనుండారు," అన్నాడు వాడు.

"యాడ?"

"అది చెప్పదు బావా. ఉండారని మాత్రం చెప్తాది."

వాడి నవ్వు సగంలో ఆగింది. అటకెక్కి చూస్తే హబ్ మీద మూడు దీపాల్లో ఒకటి నా తీగ ఊడినందుకు ఆరి ఉంది, రెండు వెలుగుతున్నాయి. ఒకటి మా ఆవిడ మిషనుది. రెండోదాని తీగ నేరుగా నడుమగోడలోకి దూరిపోయి ఉంది.

వెనక సందులోంచి తిరిగి వెళ్ళాం. ముందు తలుపుకు వేసిన తాళం వేసినట్టే ఉంది గాని పెరటి తలుపు ఓరగా ఉంది. లోపల దుమ్ముపట్టిన గదిలో ఒక పెద్దావిడ, ఇంటివాళ్ళు వదిలేసిన పాత కంప్యూటరు ముందు కూర్చుని, చెప్పులు విప్పకుండా, చేతిసంచీ ఒళ్ళోనే పెట్టుకుని, బస్సుకోసం కాచుకున్న మనిషిలా పాట వింటున్నది. ఇంటర్నెట్టులో వచ్చే ఏదో రేడియో. మమ్మల్ని చూసి లేచి నిలబడింది.

"తమ్ముడు పంపినాడా?"

యజమానికి అక్క ఆమె. పెళ్ళి లేదు. ఇల్లు పంచినప్పుడు ఆమెను విల్లియనూరులో ముసలివాళ్ళను చూసుకునే ఒకచోట చేర్చాడు. తను పుట్టిన ఇంటికి పాత పెరటి తాళంచెవితో, ఊరు నిద్రపోయే వేళ చూసి, టౌనుబస్సులో వచ్చిపోతున్నది. ఇంటర్నెట్టు తమ్ముడే తనకోసం ఉంచాడనుకున్నదట.

"వాడితో చెప్పబాకండయ్యా. నాలుగింటికి ముందే పోతాను. ఏమీ ముట్టుకోను."

తీగ లాగేస్తే చాలు, నా చిక్కు తీరిపోతుంది. తమ్ముడికి ఒక మాట చెబితే పెరటి తలుపుకు కొత్త తాళం పడుతుంది. బావమరిది నావైపు చూశాడు. ఐదు ఆమెకే వదిలెయ్యి, నాకు ఇంకోటి ఇవ్వు అన్నాను.

"కలిసొచ్చే నంబరు బావా. ఊరికే ఇచ్చేస్తావా?"

ఊరికే ఎందుకిస్తాను. కొసరుగా పాట కొంచెం గట్టిగా పెట్టమని అడిగాను. మరునాడు అత్తగారిని తీసుకొచ్చి గోడ దగ్గర కూర్చోబెట్టి సంగతంతా చెప్పాను. చాలాసేపు విని, "మనిషైతే సరే, మనిషితో ఏగొచ్చు," అని లేచింది. ఆ వారమే బిడ్డ ఇల్లు చేరింది.

తరువాత రెండేళ్ళు మా పాప ఆ పాటలకే నిద్రపోయింది. మధ్యాహ్నం మూడో దీపం వెలిగితే పెద్దమ్మ వచ్చిందనుకునేవాళ్ళం, ఆరితే బస్సెక్కిందనుకునేవాళ్ళం. ఇంతకుమించి రాకపోకలు లేవు. పాపను చూడ్డానికి రమ్మంటే, వస్తే తమ్ముడికి తెలుస్తుందని భయపడేది.

ఒకరోజు నాలుగైంది, షట్టర్లు లేచాయి, దీపం ఆరలేదు. ఇంట్లో సంధ్యాదీపం పెట్టాక కూడా అటక మీది ఆ పచ్చటి చుక్క అలాగే ఉంది. గోడలో పాట ఆగలేదు. మా ఆవిడ టార్చిలైటు తెచ్చి నా చేతికిచ్చింది. వెనక సందులోంచి వెళ్ళాను. పెద్దమ్మ కుర్చీలోనే ఉంది, చెయ్యి చల్లబడింది, సంచీ ఒళ్ళోనే ఉంది, చెప్పులు మాత్రం విప్పి గోడవారన జతగా పెట్టి ఉన్నాయి. పాట ఇంకెవరికో వినిపిస్తున్నట్టుగా సాగుతున్నది. మిషను నేనే ఆపాను. ఇంటికొస్తే మా ఆవిడ పాపను ఎత్తుకుని అటక కింద నిలబడి ఉంది. ఇప్పుడే ఆరింది అని చెప్పింది. తమ్ముడికి చెప్పబాకన్న మాట ఆ రాత్రితో తీరిపోయింది. ఆయన వచ్చి మొదట అడిగింది, ఈ తాళంచెవి ఆమెకు ఎలా వచ్చిందని.

ఇప్పుడు తీగలు లేవు. పెట్టె తనంతట తానే అందరికీ ఐదు తప్ప మిగతా నంబర్లు పంచుతుంది, ఎవరూ ఎవరితోనూ ఢీకొట్టుకోరు. మధ్యాహ్నాలు మా ఊళ్ళో అంగళ్ళు చాలావరకు మూయరు, వీధి నిద్రపోదు. వెనక భాగం అమ్ముడైపోయి మూడంతస్తులు లేచింది. అందులో ఎవరుంటారో, ఎప్పుడొస్తారో, ఎప్పుడు పోతారో నాకు చెప్పే దీపం ఏదీ లేదు. భోజనం తరువాత నిద్రపట్టనప్పుడు ఫోనులోంచి ఐదో నంబరును ఒకసారి పిలుస్తాను. జవాబు రాదు. వస్తే ఏమైపోతానో అని ఒకప్పుడు భయం ఉండేది. ఇప్పుడు, రాలేదని చూశాక, ఇంకొకసారి పిలిచి అప్పుడు పడుకుంటున్నాను.